పాటలు నిలిపిన విద్యాలయము

దేశాటనము చేసి కీర్తి గడించిన గాయకులను గూర్చి మనము చాలగా వినియున్నాము. సంస్థానములకు పోయి, ప్రభువులను మెప్పించి, సన్మానములు పొంది తిరిగివచ్చిన విద్వాంసుల కథలకు మన సంగీతచరిత్రలో కొదువ లేదు. ఇపుడు మనము చెప్పుకొనబోవు గాయకులు అట్టి విద్వాంసులు కారు. వారు చదువుకొనుటకు ఒక బడిలో చేరిన పేద విద్యార్థులు. అందు పెక్కుమంది బాల్యమున బానిసలు. కూలిపోవుచున్న ఆ బడిని నిలుపుటకై వారు తమ తల్లిదండ్రుల నోట విన్న పాటలనే మూటగట్టుకొని ఊరూర తిరిగిరి. తుదకు సముద్రము దాటి, మహారాణి యెదుట పాడి, వచ్చిన ధనముతో విద్యాలయమునకు గోడలు లేపిరి. 1871 మొదలు 1878 వరకు అమెరికాలోను ఐరోపాలోను సంచరించిన ఫిస్క్ జూబిలీ గాయకుల వృత్తాంతమిది.

ఈ వృత్తాంతమున విశేషమేమనగా, తరువాత లోకమును కదిలించిన ఆ పాటలను పరుల యెదుట పాడుటకు మొదట ఆ గాయకులే ఇష్టపడలేదు. ఎందుకు ఇష్టపడలేదు, పిదప ఎట్లు ఒప్పుకొనిరి, ఒప్పుకొని ఏమి పొందిరి, ఏమి పోగొట్టుకొనిరి అనునవి తెలిసికొన్నగాని ఆ యాత్రయొక్క విలువ మనకు బోధపడదు.

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ ప్రాంతమున ప్రత్తి, పొగాకు తోటలలో పనిచేయుటకై ఆఫ్రికా ఖండమునుండి బలవంతముగా తెచ్చినవారి సంతతి తరతరములుగా బానిసత్వమున మగ్గినది. బానిసకు చదువు చెప్పుట అచటి పెక్కు రాష్ట్రములలో శిక్షార్హమైన నేరము. 1861 నుండి 1865 వరకు ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము జరిగెను. 1863 జనవరి 1వ తేదీన అధ్యక్షుడు అబ్రహాము లింకన్ విమోచన ప్రకటన గావించెను. 1865 డిసెంబరులో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 13వ సవరణచే బానిసత్వము దేశమంతట రద్దయ్యెను. సుమారు 40 లక్షలమంది స్వతంత్రులైరి. స్వాతంత్ర్యము వచ్చెనుగాని, వారిలో అధికులకు భూమి లేదు, ఇల్లు లేదు, అక్షరజ్ఞానము లేదు. అందుచే వారు మొట్టమొదట కోరినది చదువు. తాతలును మనుమలును ఒకే బల్లమీద కూర్చుండి అక్షరములు దిద్దిన కాలమది.

అట్టి తరుణమున, 1866 జనవరిలో, టెన్నెసీ రాష్ట్రమునందలి నాష్‌విల్ పట్టణమున ఫిస్క్ పాఠశాల తెరవబడెను. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ అను సంఘమువారు దాని స్థాపకులు. విముక్తులైనవారి సంక్షేమమునకై ప్రభుత్వము ఏర్పరచిన శాఖలో అధికారిగా నుండి, పాఠశాలకు చేయూతనిచ్చిన క్లింటన్ ఫిస్క్ సేనాని పేరు దానికి పెట్టిరి. యుద్ధకాలమున సైనికుల ఆసుపత్రిగా నుండిన కొయ్య పాకలే దాని భవనములు. 1867లో అది విశ్వవిద్యాలయముగా నమోదయ్యెను. పేరు పెద్దదయ్యెనుగాని పెట్టె నిండలేదు. పుస్తకములకు డబ్బు లేక, పూర్వము బానిసలను బంధించి ఉంచిన చోట పడియున్న తుప్పుపట్టిన సంకెళ్ళను ఏరి, పాత ఇనుముగా అమ్మి, ఆ సొమ్ముతో అక్షరములు నేర్పు పుస్తకములు కొనిరని ఆ విద్యాలయపు చరిత్ర చెప్పుచున్నది. చేతులను బంధించిన ఇనుము అక్షరములుగా మారుట కంటె ఆ కాలమునకు తగిన చిహ్నము వేరొకటి ఉండదు.

అయిదేండ్లు గడచునప్పటికి ఆ పాకలు శిథిలమయ్యెను. చలికాలమున విద్యార్థులకు కప్పుకొన చాలినన్ని దుప్పట్లు లేవు. అప్పులు పెరిగెను. బడి మూయక తప్పదను మాట వినవచ్చెను. అపుడు జార్జి వైట్ అను ఉపాధ్యాయునికి ఒక ఆలోచన కలిగెను. ఈయన న్యూయార్కు రాష్ట్రమున ఒక కమ్మరి కుమారుడు. అంతర్యుద్ధమున ఉత్తరపు సేనలో పనిచేసినవాడు. ఫిస్క్‌లో కోశాధికారియు, సంగీతము నేర్పువాడును ఆయనయే. సంగీతశాస్త్రమును గట్టిగా చదివినవాడు కాడుగాని చక్కని చెవి గలవాడు. ఆయన విద్యార్థులచే పాశ్చాత్య గోష్ఠిగానములను పాడించి, చుట్టుపట్ల ఊళ్ళలో ప్రదర్శనము లిప్పించి మెప్పు పొందియుండెను. ఈ బృందమును ఉత్తర రాష్ట్రములకు కొనిపోయి, ఊరూర కచేరీలు చేసి, ధనము కూడబెట్టవలెనని ఆయన సంకల్పము. సంఘపు పెద్దలు సంకోచించిరి. పిల్లలను అంతదూరము పంపుటకు తల్లిదండ్రులు భయపడిరి. వైట్ మాత్రము పట్టు విడువలేదు.

బడిలో పాశ్చాత్య గీతములను అభ్యసించు ఈ పిల్లలు, తమలో తాము ఉన్నపుడు, వేరొకరకపు పాటలు పాడుకొనెడివారు. అవి తోటలలో, పాకలలో, చీకటిమాటున పుట్టిన పాటలు. వాటికి కర్తల పేర్లు లేవు, వ్రాతప్రతులు లేవు. మన భజనగోష్ఠులలో ఒకరు చరణమెత్తగా పదుగురు అందుకొనునట్లు, ఒక గొంతు పిలుచును, తక్కిన గొంతులు బదులు పలుకును. బైబిలులోని మోషే కథ, ఐగుప్తు దాస్యమునుండి ఇశ్రాయేలు ప్రజల విమోచనము, యొర్దాను నదికి ఆవలి తీరము మొదలగునవి వాటి వస్తువు. పైకి అవి భక్తిగీతములు. లోతుగా వినువానికి వాటిలో ఫరో అనగా యజమానియనియు, ఆవలి తీరమనగా స్వేచ్ఛ గల నేలయనియు తోచకపోదు. బహిరంగముగా చెప్పరానిదానిని పాటలో దాచుకొని బ్రతికిన జాతియొక్క ఆస్తి అవి.

ఈ పాటలను సభలలో పాడుడని వైట్ అడిగినపుడు విద్యార్థులు వెనుకాడిరి. బృందమున పియానో వాయించుచు, పాటలు నేర్పుటలో వైట్‌నకు కుడిభుజమైన ఎల్లా షెప్పర్డ్ ఈ సంగతిని తరువాత స్వయముగా వ్రాసినది. ఆ పాటలు తమ తల్లిదండ్రులకు పవిత్రములనియు, రహస్యముగా దైవప్రార్థన చేసికొనునపుడు పాడుకొన్నవనియు, వాటిని జనులముందు పాడవలెనను తలంపు తమకు కలలోనైనను లేదనియు ఆమె తెలిపినది. మరియొక కారణము కూడ కలదు. అవి బానిసత్వపు దినములను జ్ఞప్తికి తెచ్చును. ఆ దినములను మరచుటకే గదా వీరు బడికి వచ్చినది! ఆనాటి నాటకశాలలలో తెల్లవారు మొగములకు మసి పూసికొని, నల్లవారి నడకను, నుడికారమును వెక్కిరించుచు పాడుట గొప్ప వినోదముగా చెలామణి అగుచుండెను. తమ పాట నోట వెడలగానే జనులు ఆ హాస్యమునే తలచుకొని నవ్వుదురేమో యను భయము ఈ పిల్లలకుండుట సహజము. పూజగదిలోని వస్తువును సంతలో పెట్టుమనిన ఎవరు వెంటనే ఒప్పుకొందురు?

ఈ ఎల్లా షెప్పర్డ్ ఎవరో కొంత తెలిసికొందము. ఆమె 1851లో నాష్‌విల్ ప్రాంతమున బానిసగా పుట్టినది. తండ్రి కూలిపని చేసి కూడబెట్టిన ధనముతో మొదట తన స్వేచ్ఛను, పిదప 350 డాలర్లిచ్చి కుమార్తె స్వేచ్ఛను కొనుక్కొనెను. తల్లిని విడిపింపలేకపోయెను. తండ్రి మరణించిన పిమ్మట ఎల్లా తానే కష్టపడి సంగీతము నేర్చినది. సిన్సినాటి నగరమున ఒక ఉపాధ్యాయురాలు ఆమెకు పాఠము చెప్పుట కంగీకరించెనుగాని, ఎవరికంట పడకుండ ప్రొద్దుగూకిన పిదప పెరటిదారిన రావలెనని నిబంధన పెట్టెనట. పిదప ఆమె ఒక పల్లెలో బడి చెప్పి, 6 డాలర్లు మిగుల్చుకొని, ఆ ధనముతో ఫిస్క్‌లో చేరినది. యుద్ధానంతరము తల్లిని వెదకి కలిసికొనగలిగినది.

బృందమున తక్కినవారి కథలు దీనికి తీసిపోవు. బెంజమిన్ హోమ్స్ చార్లెస్టన్ నగరమున దర్జీవద్ద పనికి పెట్టబడిన బానిసబాలుడు. అంగళ్ళ పేరుపలకలు చూచి అక్షరములు నేర్చినవాడు. బానిసలను అమ్మువాని చెరలో నుండగా లింకన్ ప్రకటనను తోడి బందీలకు చదివి వినిపించినవాడు. థామస్ రట్లింగ్‌నకు గల తొలి జ్ఞాపకము, తన తల్లిని విడదీసి కొనిపోయిన దృశ్యము. మిన్నీ టేట్ అందరిలో చిన్నది. బయలుదేరునాటికి ఆమె పదునాలుగేండ్ల బాలిక.

1871 అక్టోబరు 6వ తేదీన తొమ్మండుగురు గాయకులు వైట్ వెంట నాష్‌విల్ నుండి బయలుదేరిరి. విద్యాలయపు పెట్టెలో మిగిలియున్న కొలదిపాటి సొమ్మే దారిబత్తెము. తొలి మజిలీలలో ఒకటైన సిన్సినాటికి వారు చేరునప్పటికి చికాగో మహానగరము అగ్నికి ఆహుతియైన వార్త దేశమంతట వ్యాపించినది. ఆనాటి కచేరీలో వీరికి వచ్చినది 50 డాలర్లకు లోపు. దానిని మొత్తము చికాగో బాధితుల నిధికి ఇచ్చివేసిరి. చేతిలో బత్తెము లేనివారు చేసిన ఆ దానమును పత్రికలు మెచ్చుకొనెనుగాని, మరునాటి అన్నమునకు మరల అప్పు చేయవలసివచ్చెను.

ఆ శరత్కాలమున వారు పడిన పాట్లు వర్ణింపనలవి కానివి. చలికి తగిన దుస్తులు లేవు. హోటళ్ళలో నల్లవారికి చోటు లేదనిరి. కొన్నిచోట్ల తెలియక గది ఇచ్చిన యజమానులు వీరిని చూచిన పిదప బయటికి పంపిరి. కచేరీకి వచ్చినవారు మసిపూతల హాస్యమును ఆశించి వచ్చి, పాశ్చాత్య గోష్ఠిగానములను విని నిరుత్సాహపడెడివారు. ఇట్టి దశలో ఒహాయో రాష్ట్రమున కొలంబస్ పట్టణమున వైట్ ఒక రాత్రి చాలసేపు ప్రార్థనలో గడపి, తెల్లవారిన పిదప బృందమునకు ‘జూబిలీ గాయకులు’ అని నామకరణము చేసెను. యూదుల ధర్మశాస్త్రము ననుసరించి ఏబది యేండ్లకొకమారు వచ్చు జూబిలీ సంవత్సరమున దాసులందరిని విడిచిపెట్టవలెను. ఆ పేరునకు ఇదియే అర్థము.

పేరు మారుటతో పాటు పాట కూడ మారినది. కార్యక్రమము చివర ఒకటి రెండుగా పాడిన దాస్యకాలపు గీతములే జనులను పట్టి నిలుపుచున్నవని వారు క్రమముగా గ్రహించిరి. ఆ సంవత్సరము నవంబరులో ఓబర్లిన్ అను ఊరిలో చర్చిల జాతీయ మహాసభ జరుగుచుండెను. ప్రతినిధులు తమలో తాము మాటలాడుకొనుచుండగా ఈ పిల్లలు ‘స్టీల్ అవే’ అను గీతమును మెల్లగా ఎత్తుకొనిరి. సభ నిశ్శబ్దమయ్యెను. అచట విన్న పెద్దలు వీరిని తమ తమ ఊళ్ళకు ఆహ్వానించిరి. డిసెంబరులో బ్రూక్లిన్ నగరమున ప్రఖ్యాత బోధకుడు హెన్రీ వార్డ్ బీచర్ తన ప్రార్థనామందిరమున పాడించి ప్రజలను ప్రోత్సహించెను. 1872 మార్చిలో అధ్యక్షుడు గ్రాంట్ సమక్షమున శ్వేతసౌధమునందు పాడిరి. తొలి యాత్రలోనే 20,000 డాలర్లు సమకూరెను.

వారు పాడిన తీరును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. వైట్ వారిచే బిగ్గరగా పాడించలేదు. గుసగుసవలె మొదలిడి, సభ చివరవరుసలో నున్నవానికిని స్పష్టముగా వినవచ్చునట్టి సన్నని స్వరమును సాధన చేయించెను. అందరు దగ్గరదగ్గరగా నిలిచి, ఒకరి ఊపిరి నొకరు వినుచు పాడుదురు. ఒక గొంతు మరియొక గొంతును మించరాదు. తోటలలో ఎవరును వినకూడదని అణచి పాడిన స్వరమే ఇచట వేలమంది వినుటకు సాధనమయ్యెను. అణచుటయు వినిపించుటయు ఒకే స్వరమున ఇమిడిన ఆ నేర్పునందే ఆ గానముయొక్క మహిమ కలదని మనకు తోచుచున్నది.

1873 ఏప్రిలులో వారు ఓడయెక్కి ఇంగ్లండునకు పోయిరి. గస్టావస్ పైక్ అను మతబోధకుడు ముందుగా పరిచయలేఖలతో ఏర్పాట్లు చేసెను. దాస్యనిర్మూలనమునకు పాటుపడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు వీరికి అండగా నిలిచెను. మే 6వ తేదీన లండనులో ఆయన ఆధ్వర్యమున పెద్దలయెదుట తొలి కచేరీ జరిగెను. మరునాడు ఆర్గైల్ ప్రభువు గృహమున పాడుచుండగా విక్టోరియా మహారాణి స్వయముగా విచ్చేసి వినెను. ఆ గానము చాల బాగున్నదని ఆమె తన దినచర్యలో వ్రాసికొనినది. కొలదివారములకు ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ వీరిని తన ఇంటికి పిలిపించి, వేల్స్ యువరాజు మొదలగు అతిథులయెదుట పాడించెను. ఆయన అంతటితో ఊరకుండలేదు. మరియొక దినమున వీరినే అతిథులుగా ఆహ్వానించి, తన కుటుంబముతో సహపంక్తిని కూర్చుండబెట్టి ఫలాహారమిప్పించెను. స్వదేశమున అద్దె చెల్లించెదమన్నను గది దొరకనివారికి, పరదేశమున ప్రధానమంత్రి ఇంట విస్తరి పడినది. ఈ భేదమును ఆ గాయకులు మరువలేదు. అమెరికా పత్రికలు కూడ మరువనీయలేదు.

అయినను ఆ యాత్ర సుఖయాత్ర కాదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములలో ఊరి వెంట ఊరు, చర్చి వెంట చర్చి, విరామము లేక పాడిరి. తేమయు పొగయు నిండిన ఆ పట్టణములలో గొంతులు దెబ్బతినెను. వైట్ రక్తము కక్కునంత జబ్బుపడెను. 1874లో ఆయన భార్య స్కాట్లండులో టైఫాయిడు జ్వరమున మరణించెను. చిన్నారి మిన్నీ టేట్ స్వరము అలసి, ఆమె బృందమును విడువవలసివచ్చెను. హోమ్స్ క్షయవ్యాధి పాలై, నాష్‌విల్‌కు తిరిగివచ్చిన పిదప అకాలమరణము నొందెను. 1874లో తిరిగివచ్చునాటికి వారు తెచ్చిన ధనము సుమారు 50,000 డాలర్లు.

ఆ ధనము ఏమయ్యెను? నాష్‌విల్‌లో యుద్ధకాలమున గిల్లెమ్ కోట యున్న ఎత్తైన స్థలమును విద్యాలయమువారు కొనిరి. దానిపై ఆరంతస్తుల జూబిలీ మందిరమును కట్టిరి. 1876 జనవరి 1వ తేదీన, అనగా లింకన్ ప్రకటనకు సరిగా పదుమూడేండ్లు నిండిన నాడు, దానిని ప్రతిష్ఠించిరి. దక్షిణ రాష్ట్రములలో నల్లవారి ఉన్నతవిద్యకై శాశ్వతముగా నిర్మింపబడిన తొలి భవనములలో అది యొకటి. ఇంగ్లండు యాత్రలో ఎడ్మండ్ హావెల్ చిత్రించిన గాయకుల నిలువెత్తు పటమును నేటికిని ఆ మందిరమున చూడవచ్చును. 1974లో అమెరికా ప్రభుత్వము దానిని జాతీయ చారిత్రక చిహ్నముగా ప్రకటించెను.

మందిరము పూర్తియగుటకు ముందే, 1875లో, గాయకులు మరల సముద్రము దాటిరి. ఈసారి మూడేండ్లు తిరిగిరి. 1877లో హాలండునందును, తరువాత జర్మనీయందును పాడిరి. ఇంగ్లీషు తెలియని జనులయెదుట ఈ పాటలు నిలుచునా అను సందేహము చాలమందికి కలిగెను. సంగీతమునకు పుట్టినిల్లని పేరుపొందిన జర్మనీలో విమర్శకులు చెవులొగ్గి విని మెచ్చుకొనిరి. జర్మనీ యువరాజు వీరిని తన భవనమునకు పిలిపించుకొని వినెను. అయితే అలసటయు, అభిప్రాయభేదములును బృందమును లోలోపల తినివేసెను. 1878లో హాంబర్గు నగరమున విద్యాలయమువారి ఆధ్వర్యమునందలి బృందము ముగిసినది. ఏడేండ్లలో వారు ఫిస్క్‌నకు సంపాదించి ఇచ్చినది సుమారు 1,50,000 డాలర్లు. వేలమంది చదువుకొనుటకు వారు ఇల్లు కట్టిరి. ఆ వేలమందిలో తాము లేకపోయిరి. బడి నిలుపుటకై బయలుదేరిన ఈ విద్యార్థులలో పలువురు తమ చదువును పూర్తిచేయలేకపోయిరి. ఈ లెక్కను మనము ఆ డాలర్ల ప్రక్కనే వ్రాసికొనవలెను.

పాట మాత్రము ఆగలేదు. బృందమున మంద్రస్థాయి గాయకుడైన ఫ్రెడరిక్ లౌడిన్ వేరొక బృందమును కూర్చుకొని, 1884 నుండి 1890 వరకు ఆరేండ్లు భూమండలమును చుట్టివచ్చెను. ఆస్ట్రేలియా, న్యూజీలండు, సింహళము, భారతదేశము, బర్మా, జపాను మొదలగు దేశములు అతని మజిలీలు. ఆగ్రాలో తాజమహలు గుమ్మటము క్రింద నిలిచి ‘స్టీల్ అవే’ గీతమును పాడిన సంగతిని లౌడిన్ గ్రంథస్థము చేసెను. చిన్న ధ్వనినైనను చాలసేపు మార్మ్రోగించు ఆ గుమ్మటము, ఎక్కడో టెన్నెసీ తోటలలో అణచి పాడిన స్వరమును ఎట్లు అందుకొనినదో మనము ఊహించుకొనవచ్చును.

లౌడిన్ బృందమున పాడిన ఆర్ఫియస్ మెకడూ 1890లో తన సొంత బృందముతో దక్షిణాఫ్రికాకు పోయెను. అచటి ఆఫ్రికనులు, తమ జాతివారే సముద్రమునకు ఆవల చదువు నేర్చి, సభలలో తలయెత్తి పాడుచున్నారని చూచి ఆశ్చర్యపడిరి. మరుసటి యేడే అచటి యువతీయువకులు ఒక గాయకబృందముగా ఏర్పడి ఇంగ్లండునకు పోయిరి. వారిలో షార్లట్ మాన్యే అను ఉపాధ్యాయిని యొకతె. తరువాత అమెరికాకు పోయిన యాత్రలో ఆ బృందము నడుమ దారిలో నిరాధారమై ఒహాయోలో చిక్కుపడెను. అచటి ఆఫ్రికన్ మెథడిస్టు చర్చివారు ఆదుకొని, ఆమెను విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయమున చేర్చిరి. ఆమెకు అచట పాఠము చెప్పినవారిలో డుబాయిస్ పండితుడొకడు; ఆయన 1888లో ఫిస్క్ నుండియే పట్టము పొందినవాడు. జూబిలీ మందిరపు నీడను చదివిన గురువు, ఆ పాటలగాలికి కదలివచ్చిన శిష్యురాలు, ఒకే తరగతిలో కలిసికొనిరి. షార్లట్ మాక్సెకె అను పేరుతో ఆమె స్వదేశమున స్త్రీల హక్కులకై, విద్యకై పాటుపడి చరిత్ర కెక్కినది. జొహానెస్‌బర్గులోని పెద్ద ఆసుపత్రికి 2008లో ఆమె పేరు పెట్టిరి. ఒక గాయకయాత్ర మరియొక యాత్రకు, ఒక బడి మరియొక బడికి ఎట్లు దారితీసినదో దీనివలన తెలియుచున్నది.

డుబాయిస్ 1903లో ప్రకటించిన తన ప్రసిద్ధ వ్యాససంపుటిలో తుది వ్యాసమును ఈ పాటలకే అంకితము చేసెను. అంతకు ముందే, 1872లో, థియోడర్ సెవర్డ్ అను సంగీతజ్ఞుడు గాయకులు పాడగా విని వాటిని స్వరపరచి అచ్చువేయించెను. అచ్చులోనికి రాని గమకములు, ఊపిరిపట్టులు ఎన్నియో ఉండునని సెవర్డే అంగీకరించెను. ఆ లోపమును యంత్రము కొంత తీర్చినది. 1909లో ఫిస్క్ గాయకులు నలుగురు విక్టర్ కంపెనీవారి గ్రామఫోను రికార్డులో పాడిన ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ గీతమును అమెరికా జాతీయ గ్రంథాలయమువారు 2002లో భద్రపరుపదగిన ధ్వనిముద్రికల పట్టికలో చేర్చిరి. తొలి తొమ్మండుగురి గొంతులు మాత్రము ఏ పళ్ళెముమీదను చేరలేదు. రేడియో యెదుట కూర్చుండి ఎక్కడెక్కడి గొంతులనో ఇంటనే వినుచున్న మనకు ఆ లోటు ఎంతటిదో తెలియకపోదు.

మొదట అడిగిన ప్రశ్నకు ఇపుడు తిరిగి రావచ్చును. తండ్రుల రహస్యగీతములను పరుల సభలో పాడవచ్చునా? ఎల్లా షెప్పర్డును ఆమె తోడివారును ఈ ప్రశ్నకు తేలికగా అవునని చెప్పలేదు. ఆలోచించి, బాధపడి, ఒప్పుకొనిరి. ఒప్పుకొన్న పిదప ఆ పాటలను హాస్యమునకు లోనుకానీయలేదు. నవ్వుటకు వచ్చినవాడు మౌనముగా తలవంచుకొని పోవునట్లు పాడిరి. తమవద్ద దాచుకొన్నంతకాలము అది ఓదార్పు మాత్రమే. లోకమునకు ఇచ్చిన నాడు అది వారి జాతికి మర్యాద తెచ్చినది, పిల్లలకు బడి కట్టినది. అయితే ఇచ్చినవారికి గొంతు అలసినది, చదువు తప్పినది, కొందరికి ఆయువే తరిగినది. ఎల్లా షెప్పర్డ్ 1914లో మరణించెను; తొలి బృందమున చివరివరకు జీవించిన మ్యాగీ పోర్టర్ 1942లో కన్నుమూసెను.

ఫిస్క్ జూబిలీ గాయకులను పేరుతో విద్యార్థుల బృందము నేటికిని పాడుచున్నది. 2008లో వారికి అమెరికా జాతీయ కళాపతకము లభించెను; 2021లో గ్రామీ బహుమానము వచ్చెను. ప్రతి సంవత్సరము అక్టోబరు 6వ తేదీని విద్యాలయమున జూబిలీ దినముగా జరుపుదురు. ఆ దినమున నేటి గాయకులు నాష్‌విల్‌లోని తొలి గాయకుల సమాధులకు పోయి, పూలుంచి, ఆ పాటలనే మరల పాడుదురు.